సీటు కింద చిలుం

2021 జనవరి, మంగళవారం. ఉధ్నా.

అరచేతిలో స్పానర్ గుర్తు ఇంకా పోలేదు.

పొద్దున సేఠ్ తన డ్రైవర్ మల్లేశ్‌ను వెంటబెట్టుకుని కారు తెచ్చాడు. నడుం నొప్పి మనిషి, ఆదివారాలు తనే నడుపుకుంటాడు. డ్రైవర్ సీట్లోని హీటర్ వేడెక్కడం లేదట. మల్లేశే పాడుచేశాడంటూ నా కారు రిపేరు షాపులోనే వాడి రెండు చెంపలూ వాయించాడు. మాస్కు ఊడి మల్లేశ్ చెవికి వేలాడింది.

ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్చి దాకా కరెంటు వస్తోంది. సీటు విప్పితే కింద ప్లగ్గంతా పచ్చగా చిలుం. స్పాంజి పిండితే శానిటైజర్ కారింది.

"గీ సీటు మీద రోజూ మందెవరు కొడుతున్నరు?" అన్నాను.

"సేఠే అన్నా. నేను దిగంగనే పంపుతోని కొడ్తడు. నా నుంచి కరోనా అంటుతదట."

తప్పు మల్లేశ్‌ది కాదని సేఠ్‌కు హిందీలో విడమరిచి చెప్పాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. సేఠ్ నా బల్ల మీది జంపర్ కేబుల్ తీసుకుని మల్లేశ్ వీపు మీద బాదాడు. పడిపోయాక కడుపులో తన్నాడు. తడిస్తే పాడవుతుందని ముందే ఎందుకు చెప్పలేదంటూ మళ్ళీ తన్నాడు.

నా చేతిలో పెద్ద స్పానర్ ఉంది. సేఠ్ తల మీద ఎక్కడ కొట్టాలో చూసుకున్నాను. చెయ్యి లేవలేదు.

సేఠ్ ఆటోలో వెళ్ళిపోయాడు. రేపు కొత్త తీగ వేసి కారు ఇవ్వాలి. తీసుకెళ్ళేదీ ఆ సీట్లో కూర్చునేదీ మల్లేశే.

నెత్తురు కడుక్కుంటూ వాడన్నాడు: "నువ్వెందుకు చెప్పినవన్నా? తప్పు నాదే అనుకున్నంతసేపు రెండు దెబ్బలే కొట్టిండు."