నన్ను అడిగిన రోజు

తాడేపల్లిగూడెం,
12-8-2006.

పిన్నిగారికి వందనాలు.

పాప పోయాక నిద్రపట్టక, శనివారాలు ఏలూరులో కౌన్సెలింగుకు వెళ్తున్నానని రాశాను కదా. పోయిన శనివారం మామగారు కూడా వెంట వచ్చి, "మా కోడలు ఇక్కడేం చెబుతోందో నాకు తెలియాలండీ" అని కౌన్సెలరు స్నేహలతగారిని నిలదీశారు.

"మీ కోడలు ఒప్పుకోకుండా ఒక్క మాటా బయటపెట్టనండీ. మొదటిరోజే మాటిచ్చాను" అని, ఆవిడ నా వైపు తిరిగారు. "చెప్పమంటారా?"

పెళ్లయిన ఎనిమిదేళ్లలో మామగారి ముందు నన్నెవరూ ఏదీ అడగలేదు పిన్నీ.

"వద్దండీ" అన్నాను. ఆయన లేచి బయటికెళ్లి, గంటసేపు బెంచీ మీద కూర్చున్నారు.

తిరుగు రైలు గూడెం చేరాక దిగుతూ, "వచ్చేవారం నువ్వొక్కదానివే వెళ్లమ్మా" అన్నారు.

వెళ్తున్నాను పిన్నీ.

మీ అమ్మాయి