మాట్లాడినందుకు

అక్కయ్యా, నేను కులాసా, దగ్గు తగ్గింది.

స్పానిష్ ఇంకా ముక్కలు ముక్కలుగానే వస్తోంది. వచ్చిన ఆ కాస్తా ఈ బడిలో గదులు తుడిచే ఆవిడ చలవే. తడిగుడ్డ పిండుతూ నా మాటలు సరిదిద్దేది. మొన్న బడివాళ్ళు మా అభిప్రాయాలు రాయమంటే, "నాకు బాగా నేర్పింది ఆవిడే" అని రాశాను. ఇరవై ఏళ్ళు విలేకరిగా చేసి, మనకు సాయం చేసినవాళ్ళను బయటపెట్టకూడదన్న సంగతే మర్చిపోయాను. మర్నాడే ఆవిడను కింది గిడ్డంగికి మార్చారు. విద్యార్థులతో మాట్లాడితే పని పోతుందన్నారట.

వెళ్ళి డైరెక్టర్‌ని అడిగాను. "ఆమెది వీధి భాష మేడమ్. మీరొచ్చింది మంచి భాష కోసం" అన్నాడు.

"నేను మాట్లాడాల్సింది వీధిలోనే కదండీ" అన్నాను. ఆయన ఫోన్ చూసుకున్నాడు. ఆయన వెనక గోడ మీద 'ప్రజలతో కలిసి నేర్చుకోండి' అని పోస్టరుంది.

ఆవిడను పైకి పంపేదాకా క్లాసుకి వచ్చేది లేదని ఏడుగురం రాసిచ్చాం. ఇవాళ మెట్ల దగ్గర పలకరిస్తే ఆవిడ తలొంచుకుని వెళ్ళిపోయింది.

నీ మోకాలి కట్టు విప్పారా? వంటింటి కుళాయి బాగుచేయించు. బావగారికి నమస్కారాలు, పాపకు దీవెనలు. శనివారం వస్తానన్నాను కదా, ఎయిర్‌పోర్టుకి ఎవరినీ పంపకు. ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడాకే బయల్దేరతాను.

నీ చెల్లెలు