బెల్లం రంగు దోమ

ఏలూరు, 9 అక్టోబరు 1936

నా చెల్లి మార్తమ్మకు,

అన్నం ముందు కూర్చున్నా సరే, లేచి చేలో నీరు తీయించు. మొన్న నేను రాసింది తప్పు. నువ్వు సీసాలో పంపిన వరిదుబ్బు మీద ఉన్నవి పచ్చదోమలని, భయం లేదని, గట్టు తెంచవద్దని రాశాను. అవి సుడిదోమలు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తాయి. చేను గుండ్రంగా మాడిపోతుంది. పోస్టు ఆలస్యమవుతుందని భయపడి మీ ఊరి పడవవాడి చేత దీన్ని పంపుతున్నాను.

ఈ ఉదయం భూతద్దం మసకేసిందని, కళ్లజోళ్లు బాగుచేసే రసూల్ దగ్గరికి సీసాతో సహా పట్టుకెళ్లాను.

"అద్దానికేం కాలేదండీ మేష్టారూ. పురుగుల కాళ్లు కూడా కనబడతన్నాయి."

"పచ్చగానే ఉన్నాయిగా?"

"పచ్చేంటండీ! బెల్లం రంగులో ఉంటేనూ. సీసా తడితే పక్కకి గెంతుతున్నాయి, చూడండి!"

నాకు ఏమీ కనబడలేదు. మసక నా కళ్లది. ఎన్నాళ్లుగా ఊహించి పేర్లు పెడుతున్నానో నాకే తెలియదు.

సరిగా కనబడలేదని నీకు అప్పుడే రాసి ఉండవలసింది. కాని వ్యవసాయశాఖ కుర్రవాడు జోగారావు సుడిదోమ అన్నాడని నీ ఉత్తరంలో ఉంది. తాడేపల్లిగూడెం సభలో "మేష్టారు దోమల్ని పుస్తకాల్లోనే పట్టుకుంటారండీ" అని నలుగురినీ నవ్వించినవాడు. వాడు ఔనన్నది నేను కాదనాలి. మొగుడు పోయాక నీకు తిండి పెడుతున్న ఆ ఒక్క ఎకరాన్నీ నా పంతానికి ఒడ్డాను. వాణ్ణే పిలిపించు.

నీ అన్న
ఎలీయాజరు

ఏలూరు, 20 అక్టోబరు 1936

మార్తమ్మా,

నీ జవాబు పక్కింటి మహమూదా చేత చదివించుకున్నాను, ఇదీ ఆ పిల్ల చేతే రాయిస్తున్నాను. సగం చేను మాడిందన్న చోట ఆ పిల్లను ఆపేశాను. మిగతాది వినే ధైర్యం రావడానికి గంట పట్టింది. జోగారావు మోకాళ్లలోతు బురదలో దిగి నీరు తీయించాడని, దుబ్బుల్ని పాయలు తీసి గాలి ఆడనిచ్చాడని, మిగిలిన సగం నిలిచిందని అప్పుడు విన్నాను. నా గురించి ఒక్క మాటా అనలేదట. అనవలసింది.

ఈ పంటకు నాకు సీసాలు పంపిన పదకొండు ఊళ్ల పేర్లు దీనికి జతచేశాను. తొమ్మిదింటికి భయం లేదని రాశాను. ఆ కాగితం అతనికి ఇవ్వు. ప్రతి చేలోనూ దిగి దుబ్బులు విడదీసి చూడమను, చూసింది ఆ ఊరి పేరు పక్కన రాసి పంపమను, నా మాట నమ్మవద్దను. పడవవాడి చేత పంపిన నా ఉత్తరం కూడా అతనికి చదివి వినిపించు. కుర్రవాడన్న మాట దాటవేయకు. ఆ నవ్వును నేను క్షమించలేదని కూడా చెప్పు. కాని అతను చూశాడు, నేను చూడలేదు.

ఏ ఊరి పేరు పక్కన ఏం రాసి పంపుతాడోనని భయంగా ఉంది. అయినా ఏదీ దాచవద్దను.

చూపు పోయిన నీ అన్న
ఎలీయాజరు