లోడ్ మీద ఫ్యూజు

7 జూన్ 2023, బుధవారం

నాజియాకు నౌకరీ వచ్చింది. నా బిడ్డకు నౌకరీ వచ్చింది. ఇంకోసారి రాసుకుంట, ఎవరొద్దంటరు, నాజియాకు నౌకరీ వచ్చింది.

హైదరాబాద్ కంపెనీ. కానీ హైదరాబాద్ పోయేది లేదట. నకిరేకల్ల మనింట్లనే కూసోని చెయ్యాలెనట. మూడు నెలలు చూస్తరట, పని మంచిగుంటే పర్మినెంట్ చేస్తరట. నేను ఏడో తరగతి మొయినుద్దీన్‌ను. కరెంటాఫీసుల హెల్పర్‌గ చేరి లైన్‌మన్‌గ రిటైరయిన. నా బిడ్డ సాఫ్ట్‌వేర్. సంతోషానికి కూడ ఛాతిల నొప్పి పుడతదని ఇయ్యాలనే తెల్సింది.

జిలేబీ తెచ్చి గల్లీ అంత పంచిన. పక్కింటి జానమ్మకు కూడ ఇచ్చిన. మా ఇంటామె అమీనా నెత్తి కొట్టుకున్నది. కిడ్నీలు ఖరాబై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషికి జిలేబీ పెట్టొచ్చినవా, నీ సంబురంల మనిషిని చంపుతవా అన్నది. ఇప్పుడు పోయి వాపస్ అడుగుదునా అన్న. జానమ్మ అప్పటికే తినేసిందట. సచ్చినా తియ్యగ సస్త తియ్ అన్నదట.

10 జూన్, శనివారం

ఇయ్యాల నాజియాను కూసోబెట్టి పని ఏందో అడిగిన.

పని ఏందంటే చెడగొట్టుడు.

కంపెనీ ఒక పెట్టె పంపింది. టిఫిన్ డబ్బా అంత ఉంటది, ముంగట ఒక పచ్చ లైటు. దాంట్ల రాతలు దాచేటి సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఏది రాసినా చివర్న కలుపుడే. పైన రాసింది తుడిపేది లేదు, దిద్దేది లేదు. తప్పు పడితే, పైది తప్పు అని కింద ఇంకో లైను రాయాలె. ఎంత పెద్ద డాక్టరైనా ఎనకకు పోయి మార్చలేడు. ఈ పెట్టెలను డయాలసిస్ సెంటర్లల్ల పెడతరట. ఎవరికి ఏ సూది ఇచ్చిండ్రు, ఒంట్ల నుంచి ఎన్ని నీళ్లు తీసిండ్రు, అన్నీ దాంట్లకే పోవాలె. మొట్టమొదటిది మన నకిరేకల్ సెంటర్లనే, జులై మూడో తారీఖు నుంచి. అంటే జానమ్మ పోయేటి సెంటరే.

నా బిడ్డ పని ఆ పెట్టెను సతాయించుడు. ఉత్తుత్త పేషెంట్ల పేర్లు రాపిస్తది. తర్వాత తనే లోపలికి పోయి నడుమ ఒక అక్షరం ఖరాబు చేస్తది. పెట్టె ఆ తప్పును పట్టుకుంటదా, నోరు మూసుకోని కూసుంటదా చూస్తది. నా కండ్ల ముందే చేసింది. పెట్టె పట్టుకున్నది, ఈ లైను చెడింది అని ఎర్రగ చూపెట్టింది.

దీనికి జీతమిస్తరా బేటా అన్న. ఇస్తరు అబ్బా అన్నది. చిన్నప్పుడు రేడియో విప్పినవని నిన్ను కొట్టిన గద అన్న. అప్పుడు ఫ్రీగ చేసిన గద అన్నది.

12 జూన్, సోమవారం

సంబురం మీద సంబురం. నాకు కూడ పని దొరికింది.

పెట్టె రాసుకుంట ఉండంగ ఒక్కసారే కరెంటు పోవాలెనట. కరెంటు వచ్చినంక పెట్టె లేచి, రాసిందంత ఉన్నదా లేదా తనే చూసుకోవాలెనట. కరెంటు తీసేటి మిషన్ ఒకటి కంపెనీ పంపింది గని అది కొరియర్ల యాడనో ఆగింది. కరెంటేమో పోతలేదు. ముందుగాల అయితే నకిరేకల్ల కరెంటు ఉంటే ఆశ్చర్యం, ఇప్పుడు పోతే ఆశ్చర్యం. నాజియా తనే తీస్తే, ఎప్పుడు తీస్తదో తనకు ముందే తెలుస్తది గద, గట్ల చెయ్యొద్దట. అందుకని నా దిక్కు చూసింది. నీకు ఎప్పుడు మనసైతే అప్పుడు తియ్యి అబ్బా, నాకు చెప్పకు అన్నది.

చెక్క మీద ఒక బోర్డు బిగించిన. పాత తెల్ల పింగాణీ ఫ్యూజు ఒకటి ఇంట్ల ఉండే, అది పెట్టిన. ఎన్ని రోజులైందో చేతిల పట్టి. వానల పోల్ ఎక్కి కరెంటు తెచ్చిన మనిషిని, ఇప్పుడు నా బిడ్డే కరెంటు తియ్యమంటది. లోకం తలకిందులైంది. అయినా తీసిన. పచ్చ లైటు మెరుస్తుంటే ఆగిన. మెరుసుడు బందయినంక, లోడ్ తగ్గినట్టు చూసుకోని, మెల్లగ పీకిన. నేర్చిన పని యాడికి పోతది. లోడ్ మీద, అంటే కరెంటు గుంజుతుండంగ, ఫ్యూజు పీకొద్దు. మా రామచంద్రయ్య మోటర్ నడుస్తుండంగ పీకి మొఖం కాల్చుకున్నడు. అప్పటి సంది ఆఫీసుల కొత్తోడు ఎవడొచ్చినా గదే మొదటి పాఠం.

పెట్టె లేచింది. అన్నీ ఉన్నయి. పాస్.

13 జూన్

పాస్. పాస్. పాస్.

19 జూన్, సోమవారం

పొద్దున ఛాయ్ తాగి కూసుంటే మధ్యాహ్నం బువ్వ దాక ఫ్యూజు పీకుడే, పెట్టుడే. పెట్టె ఒక్కసారి కూడ తడబడలే. నౌకరీల ఉన్నప్పుడు ఊరోళ్లు కరెంటు తీసినవని తిట్టేది, ఇప్పుడు నా బిడ్డ కరెంటు తీసినందుకు శుక్రియా అంటది.

అమీనా మాత్రం, ఆ మూలకు పోయి బొమ్మలాట ఆడుకునే ముసలోడు ఎవరని కూరగాయలామె అడిగింది, ఏం చెప్పాలె అన్నది. సాఫ్ట్‌వేర్ అని చెప్పు అన్న.

28 జూన్, బుధవారం

రిపోర్టు పోయింది. కరెంటు పోయినా పెట్టె ఏమీ పోగొట్టుకోదు అని రాసి, కింద నా బిడ్డ పేరు. పెద్దసారు నరేశ్ గారు ఫోన్ చేసిండు. ఇన్నిసార్లలో ఒక్క ఫెయిల్ లేదు, చాలా బాగుంది, సోమవారం సెంటర్‌లో పెట్టేస్తాం అన్నడట. నీ చెయ్యి మంచిది అబ్బా అన్నది నాజియా. ఆ మాటకు నేను బజారుకు పోతున్న అని చెప్పి వాకిట్ల నిలబడి కండ్లు తుడుచుకున్న.

రేపు బక్రీద్. ఈసారి లింగస్వామిని దావత్‌కు పిలిచిన. వాడు నాతోని పోల్‌లు ఎక్కినోడు. బిడ్డ ముచ్చట వానికి చెప్పకుంటే తిన్నది అరగదు.

30 జూన్, శుక్రవారం, పొద్దున

నిన్న రాయలే. చెయ్యి రాలే.

లింగస్వామి తిని, చెయ్యి కడిగి, ఏదీ నీ బిడ్డ పెట్టె చూపెట్టు అన్నడు. బోర్డు చూపెట్టిన. ఫ్యూజు చూసి నవ్విండు. ఎట్ల పీకుతవ్ రా మొయినూ అన్నడు. ఇగో, లైటు మెరుస్తుంటే చెయ్యి పెట్ట, ఆగినంకనే పీకుత, మనం లోడ్ మీద పీకుతమా అన్న. వాడు నా వీపు మీద చరిచి, సల్లగుండు, కరెంటుకు కూడ సలాం చెప్పి పంపుతవు అన్నడు.

నాజియా వానికి నీళ్లు తెస్తుండె. తలుపుకాడ ఆగింది. అబ్బా, ప్రతిసారి గట్లనేనా అన్నది. ప్రతిసారి బేటా, ఒక్కసారి కూడ తప్పలే అన్న. గర్వంగ అన్న.

ఆమె గ్లాసు కింద పెట్టి, అక్కడనే నేల మీద కూసున్నది.

లైటు మెరుస్తుందంటే పెట్టె రాస్తున్నట్టట. కరెంటు పోవాల్సింది అప్పుడే. మెరుసుడు ఆగిందంటే రాసుడు అయిపోయినట్టు, అప్పుడు పీకితే ఏం పోతది, పోయేటందుకు ఏమీ లేదు. నువ్వు పీకినప్పుడల్ల అది పని ముగించుకోని, పడుకోని ఉన్నది అబ్బా అన్నది. మెల్లగనే అన్నది. గట్టిగ అంటే బాగుండు.

ఇన్ని దినాలు చేసింది టెస్టే కాదు. కానీ రిపోర్టు పోయింది. కింద నా బిడ్డ పేరున్నది. సోమవారం పెట్టె సెంటర్లకు పోతది. కరెంటు ఏ లైటు కోసం ఆగదు, ఆ సంగతి ఈ ఊర్ల నా కంటె ఎక్కువ ఎవనికి తెలుసు.

లింగస్వామి చెప్పులేసుకుంట, పిల్ల ముందు ఎందుకు చెప్పినవ్ రా అన్నడు. దాచిపెడితే అయిపోతుండె అన్నట్టు. నాకు అది ఇంకో దెబ్బ.

30 జూన్, సాయంత్రం 5

నాజియా నరేశ్ సార్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. రిపోర్టు వాపస్ తీసుకుంటున్న సార్ అన్నది, ఎందుకో చెప్పింది. మీ నాన్నగారితో టెస్ట్ చేయించారా అన్నడాయన. అవును సార్. సెంటర్ వాళ్లకు చెప్పేశాం, మీ ప్రొబేషన్ ఇంకా అవలేదు, ఒకసారి ఆలోచించుకోండి అన్నడు. ఆలోచించిన సార్ అన్నది. సరే, రేపు మళ్లీ చేయండి, పాసైతే ఎవరికీ చెప్పక్కర్లేదు అన్నడు.

ఫోన్ పెట్టినంక, తప్పు నాదని చెప్పు బేటా, ముసలోడు తెలువక చేసిండని చెప్పు అన్న. రిపోర్టుల నీ పేరు లేదు అబ్బా అన్నది. నా బిడ్డ నాతోని ఎన్నడు అంత చిన్నగ మాట్లాడలే.

1 జులై, శనివారం

లైటు మెరుస్తాంది. నెమరేసే మేక దవడ లెక్క ఆగకుంట ఆడుతాంది. నా వేళ్లు ఫ్యూజు మీద ఉన్నయి. వస్తలేవు. కండ్లు మూసుకున్న, మొఖం పక్కకు తిప్పుకున్న, బిస్మిల్లా అన్న. చెయ్యి లోపట్నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. లైటు ఆగంగనే వేళ్లు వాటంతట అవే కదిలినయి. నాజియా వద్దు అన్నట్టు తల ఊపింది.

అమీనా పిండి చేతులతోని వంటింట్ల నుంచి వచ్చింది. ఏంది పొద్దటి సంది, పంటి డాక్టర్ లెక్క పట్టుకోని నిలబడ్డవ్ అన్నది. పక్కకు జరుగు అన్నది. లైటు మెరుస్తుండంగనే లటుక్కున పీకి చేతిల పెట్టింది. నిప్పురవ్వ కూడ రాలే. గింత పెట్టెకు ఎంత లోడ్ ఉంటది. నేను దేనికి భయపడ్డనో నాకే తెలువది.

ఫ్యూజు పెట్టినం. పెట్టె లేచింది. అంతా సురక్షితం అని చూపెట్టింది. నాకు పానం తిరిగొచ్చింది. నాజియా తన లాప్‌టాప్‌తోని సరిచూసింది. పెట్టె దేన్ని రాసుకున్న అని చెప్తే అది లాప్‌టాప్‌ల గుర్తుంటది.

లేవు. చివరి పేర్లు పెట్టెల లేవు.

సగం రాసిన లైను పోతే పర్వాలేదట. చినిగిన ముక్కను పెట్టె తనే తీసి పడేసి, ఒక లైను పోయిందని చెప్పాలెనట. కానీ ఇది, రాసుకున్న అని చెప్పిన లైన్లను కూడ పడేసింది. పడేసి అంతా మంచిగున్నది అన్నది. అమీనా మళ్ల పీకింది. మళ్ల గదే. ఇంకోసారి పీకితే పెట్టె లేవనే లేదు.

అంటే ఏమైతదని అమీనా అడిగింది. జానమ్మకు రక్తం పల్చనయ్యేటి సూది ఇచ్చిండ్రనుకో అమ్మీ, ఇచ్చినమని పెట్టెల రాసిండ్రు, కరెంటు పోయింది, పెట్టె మరిచింది, ఇంకో సిస్టర్ వచ్చి చూసి, ఇయ్యలేదనుకోని ఇంకోటి ఇస్తది అన్నది నాజియా. అమీనా పిండి చేతులు అట్లనే పట్టుకోని కూసున్నది. జిలేబీతోని చంపుతవా అన్నది ఆనాడు. నేను ఇన్ని దినాలు సూదితోని చంపేటందుకు తయారు చేసిన.

నాజియా ఏడుస్తదనుకున్న. నవ్వింది. దొరికింది అబ్బా, దొరికింది అన్నది. ఇంట్ల సామాను ఖరాబైతే నవ్వేటోళ్లను నేను చూడలే. కొంచెం సేపటికి నేను కూడ నవ్విన. నా బిడ్డ గద. నా బిడ్డనే పట్టుకున్నది.

ఏమేం పోయినయో చూపెట్టే సబూత్ అంత జోడించి నరేశ్ సార్‌కు పంపింది. జవాబు లేదు.

3 జులై, సోమవారం

పెట్టె సెంటర్లకు పోలే. మన ముందటి అర్రలనే ఉన్నది.

జానమ్మ సాయంత్రం వచ్చి, కంప్యూటర్ వస్తదన్నరు, రాలేదేంది, సిస్టర్ చేతితోనే రాసుకున్నది అన్నది. ఇంకా పచ్చిగున్నది అక్కా, పండాలె అన్న. పండినంక పంపుండ్రి గని, ఆ సిస్టర్ రాత దేవునికి కూడ అర్థం కాదు అన్నది. ఆమె చెయ్యి చూసిన, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి.

నరేశ్ సార్ ఫోన్ లేదు.

4 జులై

ఫోన్ లేదు. నాజియా బువ్వ సగం ఇడిసింది.

6 జులై, గురువారం

చేసిండు.

సాఫ్ట్‌వేర్ రాసిన పిలగాండ్లకు తప్పు దొరికిందట. పెట్టె ముందుగాల రాసుకున్న అని చెప్పి, తర్వాత మెల్లగ రాస్తున్నదట. మాట ఇచ్చినంక పని చేసుడు. గిట్లాంటి మనుషులను చూసిన గని పెట్టె కూడ గిట్లుంటదని అనుకోలే.

తన పేరు మీద పోయిన రిపోర్టును తనే వాపస్ తీసుకున్నోళ్లు మా కంపెనీలో ఎవరూ లేరు అన్నడట నరేశ్ సార్. పొగిడిండా తిట్టిండా అని అడిగిన. తెలుస్తలేదు అబ్బా అన్నది. ప్రొబేషన్ మూడు నెలలు కాదు, ఆరు నెలలు చేసిండ్రట. అంటే నౌకరీ ఉన్నది. ఉన్నది. యా అల్లా, ఉన్నది. జిలేబీ తేబోయి ఆగిన.

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తదట, మళ్ల పీకాలె. ఈసారి మీ అమ్మగారు పీకితే బాగుంటుందేమో అన్నడట ఆయన. అమీనా లోపలి నుంచి, జీతమెంతో అడుగు అన్నది.

14 జులై, శుక్రవారం

అమీనా జానమ్మను తోల్కోని సెంటర్‌కు పోయింది. పెట్టెల కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, నేనే పీకిన. లైటు మెరుస్తుండంగ. ఒక్క లైను పోయింది, సగం రాసింది. పోయిందని పెట్టె తనే చెప్పింది. నాజియా పాస్ అని రాసుకోని, ఇంకోసారి అబ్బా అన్నది. లైటు మళ్ల మెరిసేదాక ఆగి పీకిన.