గంతేనా, బిడ్డా

మిర్యాలగూడ

కరుణ టీచర్‌కు వందనాలు.

ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ కూడిక. అందులో చదవడానికి అమ్మ జీవిత చరిత్ర నన్నే రాయమన్నారు పాస్టరుగారు. "రోజు పొద్దుగాల రాస్తనే ఉంటవు గదమ్మా, నీకంటె మంచిగ ఎవరు రాస్తరు?" అన్నారు. నా వల్ల కావడం లేదు. కోదాడ నుంచి వచ్చేటప్పుడు మీరే రాసి తెస్తారా?

రోజుకో పేజీ రాయమని బడిలో అలవాటు చేసింది మీరే. ఆ అలవాటును నిలబెట్టింది మాత్రం అమ్మ. చదువు రాని మనిషి, టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుని "సదువు" అనేది. రైస్ మిల్లు హమాలీల గురించో, పక్కింటి జయమ్మ కోళ్ల గురించో రాసింది చదివేదాన్ని. అయిపోగానే "గంతేనా, బిడ్డా?" అనేది. ఆ మాట కోసమే మర్నాడు లేచేదాన్ని.

పాత పేజీలన్నీ వెతికాను టీచర్. వాడకట్టంతా ఉంది, అమ్మ లేదు. ఎదురుగా కూర్చుని వినే మనిషి గురించి రాయాలని ఏనాడూ తోచలేదు.

ఇప్పుడూ ఆ వేళకే లేచి కూర్చుంటున్నాను. "మా అమ్మ సారమ్మ పెన్‌పహాడ్‌లో పుట్టింది" అన్న వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. ఈ పొద్దున దాన్నే పైకి చదివి, చాలాసేపు ఎదురుచూశాను.

ఎవరూ ఏమీ అడగలేదు.

మీ విద్యార్థిని