పత్తికి వరి ఎరువు

మావా, బరంపురం నుంచి తెచ్చిన యూరియా బస్తా అరుగు మీదే దించు. సేలోకి మోసుకొచ్చినావంటే ఊరుకోను. వరికి సల్లినట్టే పత్తికీ సల్లీసినావు. అంత యూరియా తిని మొక్క గుబురుగా ఎదిగితే, బస్సులో ఎల్లేవోళ్లు మెచ్చుకుంటన్నారని మురిసిపోనావు. ఆ గుబురులోకి గాలేదీ, ఎండేదీ? వానకి తడిసిన కాయలు ఆరక, అడుగున నల్లగా కుళ్లిపోతన్నాయి. ముందే సెప్తే "ఆడదానికి ఏటి తెలుసు" అన్నావు. పైకాయలైనా దక్కుతాయని నేనూ, మా సెల్లి సీతాలూ కింది ఆకు తెంపడానికి ఎల్తన్నాం.

కంచం మీద మూత తీసి సూడు. నువ్వు కుళ్లబెట్టిన కాయలే. కడుపు నిండా తిను.

కూడు, సేపల పులుసు ఉట్టి మీద ఉన్నాయి. తినీసి బేగి రా.