వద్దన్న ఒకే ఒక్క ఓటు

జోర్డీ అంకుల్,

మీరు కోవిడ్‌తో పోయి ఇవాళ్టికి ఏడాది. ఐర్లండ్‌లోని ఈ లిమరిక్‌లో, మీరు అద్దెకిచ్చిన మీ ఇంటి పై గదిలోనే ఇంకా చదువుకుంటున్నాను. క్లాసులన్నీ ఆన్‌లైనే.

నిన్న మీ చిన్న పార్టీని పెద్ద పార్టీలో కలిపేయాలా వద్దా అని జూమ్‌లో ఓట్లు వేశారు. మీ అమ్మాయి నూరియా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ భాషలో వాళ్లనే మాటలకు అర్థం చెప్పింది.

"స్పెయిన్ నుంచి మా కాటలోనియాకు స్వాతంత్ర్యం, కార్మికుల చేతికి ఫ్యాక్టరీలు కావాలని ఆ పెద్ద పార్టీలోంచే విడిపోయాం. తర్వాత మాలో మేమే చీలిపోయాం" అని టీ తాగుతూ నవ్వేవారు మీరు. "మీ తెలంగాణ వచ్చిందిగా, మాదీ వస్తుంది" అనేవారు.

కలపొద్దని ఎవరూ అనలేదు. చివర్లో మీ పాత స్నేహితుడొకాయన, "జోర్డీ ఉంటే ఒప్పుకునేవాడా?" అని అడిగాడు.

"చచ్చినా ఒప్పుకోడు" అనేసి నూరియా నాలిక్కరుచుకుంది.

ఆయన నవ్వలేదు. "అయితే వద్దన్నవాళ్లు ఒకరని రాయండి" అన్నాడు.

రాశారు, అంకుల్.